పిల్లిని ఇంట్లోనే ఉంచుదామంటే మా ఇంటి నడుమ ఆకాశం ఉంది, ఏం చేయాలి?

జిరాక్స్ అక్క, వరంగల్:

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

మాది గిర్మాజీపేటలో పాత భవంతి ఇల్లు. తాత కట్టించింది. చుట్టూ అర్రలు, నడుమ పది అడుగులకు ఎనిమిది అడుగుల ఖాళీ, దాన్నే మేం భవంతి అంటాం. దాని మీద కప్పు లేదు. వాన పడితే నడింట్లోనే పడుతుంది, తూము గుండా బయటికి పోతుంది. బజారు వైపు ముందు గదిలో నా జిరాక్స్ షాపు, వెనక నేనూ అమ్మా.

పోయిన కార్తీకంలో మా బెల్లం చచ్చిపోయింది. రెండేళ్ళ పోతు పిల్లి, పేరుకు తగ్గ రంగు. రాత్రంతా పెంకుల మీద తిరిగి, పొద్దున నేను షట్టర్ లేపే టైముకు ఠంచనుగా వచ్చి మెషీన్ పక్కన ముడుచుకునేది, వెచ్చగా ఉంటుందని. ఒకరోజు తిండి ముట్టలేదు. రెండో రోజు లేవలేదు. మూడో రోజు నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, ముక్కు దగ్గర ఒక రక్తపు చుక్క. డాక్టరుకు చూపిస్తే పాము కరిచి ఉండొచ్చని సూది వేశారు. ఆటోలో తిరిగి వస్తుంటే నా ఒళ్ళోనే పోయింది.

పామని నాకు నమ్మకం లేదు. మా పక్కన బియ్యం గోడౌన్ ఉంది. వాళ్ళు ఎలుకలకు మందు పెట్టి ఉంటారు, ఆ ఎలుకను ఇది తిని ఉంటుంది. అప్పటి నుంచి వాళ్ళతో నేను మాట్లాడటం లేదు.

ఇప్పుడు మినుము వచ్చింది. నల్ల పిల్ల, ఆడది, తొమ్మిది నెలలుంటాయి. దీన్ని గడప దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. కానీ భవంతి ఉన్నంత వరకు నా ఒట్టు ఏ మూలకు? స్తంభం పట్టుకుందంటే రెండు గంతుల్లో పెంకుల మీద ఉంటుంది. అందుకే రాత్రిళ్ళు వెనక అర్రలో వేసి తలుపు పెడుతున్నాను. వారం నుంచి నిద్ర లేదు. రెండింటికి మొదలుపెడుతుంది, అరుపు కాదు, పసిపిల్ల ఏడ్చినట్టు. కాలుగాలిన పిల్లి అంటారు కదా, ఆ మాట ఇన్నాళ్ళు వినడమే, ఇప్పుడు చూస్తున్నాను. తలుపు దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్ళీ తలుపు దగ్గరికి. నడుమ నడుమ నేల మీద పడి పొర్లుతుంది. నడుము మీద చెయ్యి వేస్తే తోక పక్కకు పెట్టి వెనక భాగం పైకి లేపుతుంది. కడుపునొప్పేమోనని అమ్మ వాము నీళ్ళు తాగించబోయి చెయ్యి గీకించుకుంది.

అమ్మ మాట ఒకటే: "పిల్లన్నంక ఏడిండ్లు తిరుగుతది. దాన్ని అర్రల ఏసి గొళ్ళెం పెడితే ఆ ఉసురు మనకే తగులుతది." బెల్లం పోయినప్పుడు కూడా ఇట్లనే, పిల్లి చచ్చిన ఇంట్లో బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని పట్టుబట్టింది. అది మనం చంపితేనే అమ్మా అని చెప్పి ఆపాను. ఈ తులం ధరలో పిల్లి మీసం కూడా రాదు.

భవంతిని ఎట్లా మూయాలి? ఈ ఏడుపు ఎన్నాళ్ళు? నేను చేస్తున్నది నిజంగా తప్పా? ఎవరైనా పెంచేవాళ్ళు చెప్పండి.

కాజీపేట అత్తమ్మ:

బిడ్డా, నీ ప్రశ్నంతా చదివి నేను అడిగేది ఒక్కటే. దానికి ఆపరేషన్ అయిందా?

కాలేదు కదా. నువ్వు రాసిందే చెప్తోంది. పొర్లడం, తోక పక్కకు పెట్టడం, రాత్రంతా ఆ ఏడుపు, ఇవి కడుపునొప్పి కాదు, బందీ చేసినందుకు బాధా కాదు. పిల్ల ఎదకు వచ్చింది. తొమ్మిది నెలలంటే వచ్చే వయసే, కొన్ని ఐదో నెలలోనే వస్తాయి. ఆవు సంగతి మనకు తెలుసు, పిల్లి సంగతి ఎవరూ చెప్పరు. వారం ఉండి తగ్గుతుంది, మగదానితో కలవకపోతే రెండు మూడు వారాలకు మళ్ళీ మొదలు. ఆపరేషన్ చేయించేదాకా నీకూ నిద్ర ఉండదు, దానికీ ఉండదు. ఈలోపు ఒక్క రాత్రి పెంకుల మీదికి పోయిందో, అరవై మూడు, అరవై ఐదు రోజులకు నీ షాపు పేపర్ డబ్బాలో నాలుగు పిల్లలు. ఏడిండ్లు తిప్పడం అప్పుడు చూద్దువు.

మా ఇంట్లో మూడు. పెద్దదాని పేరు రాణి, పదకొండేళ్ళు. ఈయన రైల్వేలో ఉన్నప్పుడు క్వార్టర్‌లో దొరికింది, రిటైరై సొంతింటికి వచ్చినా మాతోనే వచ్చింది. దీనికి ముందు వదిలేసి పెంచినవి నాలుగు. ఒకటి బండి కింద, ఒకటి కుక్కలకు, ఒకటి పోయింది పోయినట్టే, తిరిగి రాలేదు. నాలుగోది సంక్రాంతి నెలలో డాబా మీద కాలికి మాంజా చుట్టుకుని రాత్రంతా గుంజుకుంది. పొద్దున చూస్తే ఎముక కనిపిస్తోంది. చైనా మాంజాను 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. మా సందులో మాత్రం ఇప్పటికీ ప్రతి మాఘంలో కరెంటు తీగలకు వేలాడుతూ కనిపిస్తుంది. ఆ నాలుగింటిలో ఒక్కటీ మూడేళ్ళు దాటలేదు. రాణి పదకొండు దాటింది. పాపం పుణ్యం అని మీ అమ్మ అడిగితే ఈ లెక్క చెప్పు.

ఇక భవంతి సంగతి. నైలాన్ వల జోలికి పోకు. పావురాలకు కట్టే వల చాలని నేనూ అనుకున్నాను, బాల్కనీకి కట్టించాను. పది రోజులకు కోతులు వచ్చి దాన్ని పాత చీర చింపినట్టు చింపి పోయాయి. వరంగల్‌లో ఉన్నావు, కోతుల గురించి నేను చెప్పాలా. వెల్డింగ్ షాపు వాడిని పిలిచి ఇనుప యాంగిల్‌తో ఫ్రేము కట్టించి, అంగుళం సందున్న వెల్డ్ మెష్ వేయించు. తుప్పు పట్టని జీఐ మెష్ అడుగు. ఒక పక్క తెరిచేలా తలుపు పెట్టించు, ఆకులు పడితే ఊడ్చుకోవాలి కదా. అప్పుడు వాన వస్తుంది, ఎండ వస్తుంది, కోతి రాదు, పిల్లి పోదు. నిజం చెప్పాలంటే నీ ఇల్లు చూస్తే నాకు కుళ్ళుగా ఉంది. అపార్టుమెంటు పిల్లులకు ఆకాశం ఎక్కడిది?

లోపల ఉంచడమంటే అర్రలో వేసి గొళ్ళెం పెట్టడం కాదు, ఆ ఒక్క మాటలో మీ అమ్మదే కరెక్టు. దానికి పని ఉండాలి. కిటికీ దగ్గర ఎత్తులో ఒక పీట వెయ్యి. మా రాణి కిటికీలో కూర్చుంటే గూడ్సు బండి పోయినంత సేపు డబ్బాలు లెక్కపెడుతున్నట్టు తల ఇటు నుంచి అటు తిప్పుతూనే ఉంటుంది. చివరి డబ్బా పోయాక నా వైపు చూస్తుంది, ఎన్ని వచ్చాయో నేను చెప్పాలన్నట్టు. గోళ్ళకు పాత స్టూలు కాలికి గోనె సంచి బిర్రుగా చుట్టి కట్టు, సోఫాలు మిగులుతాయి. రాత్రి పడుకునే ముందు పావుగంట తాడుకు కోడి ఈక కట్టి ఉరికించు, పట్టుకోనివ్వు, వెంటనే తిండి పెట్టు. వేటాడింది, తిన్నది, ఇక పడుకుంటుంది. వాటి లెక్క అంతే.

దొడ్డికి మట్టి కొనాల్సిన పని లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో జల్లెడ పట్టిన ఇసుక. రోజుకు రెండుసార్లు గడ్డలు తీసేయి, వారానికోసారి మొత్తం మార్చు. తిండి గిన్నెకు దూరంగా పెట్టు, పక్కపక్కన పెడితే ముట్టదు.

ఎద అయిపోయాక కూడా అరిస్తే తలుపు తీయకు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. తొమ్మిది రోజులు ఓర్చుకుని పదో రోజు తీశావంటే, పది రోజులు అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది.

నర్సంపేట రైతు:

అందరూ లోపల పెట్టుమని చెప్తున్నారు, ఒక్కడు వేరే మాట చెప్పేవాడు ఉండాలి కదా.

మా ఇంట్లో పిల్లులు లేని రోజు లేదు. మా అవ్వ కాలం నుంచి. వడ్ల బస్తాలు, మక్కలు, కోళ్ళ దాణా, అన్నీ ఇంట్లోనే. పిల్లిని అర్రలో కూర్చోబెట్టి ఈకతో ఆడిస్తే ఎలుకలను ఎవరు పట్టాలె, నేనా? బయట తిరిగితేనే అది పిల్లి. మా దగ్గర దానికి గిన్నె కూడా లేదు, పాలు పిండేటప్పుడు వస్తే ఒక చెంచాడు, అంతే. బతుకుతున్నాయి.

అత్తమ్మ పదకొండేళ్ళు అన్నది చదివి మా పిల్లుల లెక్క గుర్తు చేసుకుందామని కూర్చున్నా. చెప్పలేకపోయిన. ఏ పిల్లి ఎన్నేళ్ళు ఉందో ఎవరికీ యాది లేదు. ఎప్పుడూ ఒక పిల్లి ఉంటుంది, అదే పిల్లి అనుకుంటాం. మా ఆవిడను అడిగితే, పోయినేడాది ఉన్నది ఇది కాదు, దాని చెవి చిరిగి ఉండేది అన్నది. నేను చూడనే లేదు.

సరే, పట్నంలో బండ్లు ఎక్కువ, మీ ఇష్టం. ఒక్క పనికొచ్చే ముచ్చట చెప్తా. లోపల ఉన్న పిల్లి గడ్డి కోసం వెతుకుతుంది, తిని కక్కుకుంటుంది, అది దాని అలవాటు. కుండీలో మొలకలు పెంచాలనుకుంటే గోధుమలు చల్లండి. జొన్న మాత్రం వద్దు. లేత జొన్న మేస్తే బర్రెలే పడిపోతాయి, పిల్లెంత.

మామునూరు స్టూడెంట్:

అక్కా, నేను వెటర్నరీ చదువుతున్నాను, ఇంకా డాక్టరును కాదు. కాబట్టి మినుమును చూపించాకే ఏదైనా చేయండి. అత్తమ్మ చెప్పింది నిజం, అది ఎదే. ఎదలో ఉన్నప్పుడు రక్తం ఎక్కువ పోయే అవకాశం ఉంటుందని కొందరు డాక్టర్లు తగ్గేదాకా ఆగుతారు. ఎప్పుడు చేయాలో వాళ్ళనే అడగండి.

ఇంట్లోనే ఉంటుంది కదా అని టీకాలు మానొద్దు. పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే వాంతులు, విరేచనాల జబ్బు వైరస్ బయట నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటుకుని లోపలికి వస్తుంది. మీది జిరాక్స్ షాపు, రోజుకు ఎన్ని జతల చెప్పులు వస్తాయో మీకే తెలియాలి. దానికి టీకా ఉంది, మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. రేబిస్‌ది వేరే, ఏటా గుర్తు పెట్టుకోవాలి. అమ్మగారి చేతి మీద గీతను సబ్బుతో పావుగంట కడిగారా? టీకా లేని పిల్లి కాబట్టి ఒకసారి దవాఖానలో చూపించండి, చిన్న గీతే కదా అనుకోవద్దు. అట్లాగే ఇంట్లో మందుల డబ్బా. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ళ చాలు పిల్లిని చంపడానికి. కుక్కలకు వాడే పిడుదుల మందు కూడా పిల్లికి పోయకూడదు.

పెరుగన్నం మీద పెంచుతున్నారేమో నాకు తెలియదు, చాలా ఇళ్ళల్లో అదే. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలో, చేపల్లో ఉంటుంది, అన్నంలో ఉండదు. లేకపోతే మెల్లగా చూపు, గుండె దెబ్బతింటాయి. బయట తిరిగేది ఎలుకను పట్టి ఆ లోటు తీర్చుకుంటుంది, లోపలిదానికి మీరే పెట్టాలి.

అసలు నేను రాయడానికి కారణం బెల్లం. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. మూడు రోజులు మెల్లగా నీరసపడి, చిగుళ్ళు తెల్లబడి, ముక్కులో రక్తం రావడం చూస్తే, నాకు ముందు అనుమానం వచ్చేది బిళ్ళల రూపంలో వచ్చే ఎలుకల మందు మీదే. నీలం రంగులోనో ఆకుపచ్చ రంగులోనో ఉంటాయి, బ్రోమాడయోలోన్ అని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. అది రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె పనిని ఆపేస్తుంది. ఒంట్లో అప్పటికే ఉన్న సరుకు అయిపోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందుకే తిన్న రోజు ఏమీ తెలియదు. తర్వాత లోపల ఎక్కడో ఒకచోట రక్తం కారడం మొదలవుతుంది. నల్ల పొడిలా ఉండే జింక్ ఫాస్ఫైడ్ అయితే ఇట్లా ఉండదు, గంటల్లోనే తేలిపోతుంది. బిళ్ళల మందుకు విరుగుడు ఉంది: విటమిన్ కె1, వారాల తరబడి ఇవ్వాలి. ఆ మందును ఎలుక తిని, ఆ ఎలుకను పిల్లి తిన్నా ప్రమాదమే. అనుమానం వస్తే ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం లాంటివి చేయకుండా ప్యాకెట్ చేతపట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తడమే.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. పక్క గోడౌన్ సంగతి సరే. మీ ఇంట్లో, షాపులో ఎక్కడైనా ఆ మందు ఉందా? మినుమును లోపల పెట్టి తలుపు వేసేముందు ఒకసారి చూడండి.

జిరాక్స్ అక్క, వరంగల్ (మూడు వారాల తర్వాత):

ఇన్నాళ్ళు జవాబు ఇవ్వనందుకు ఏమనుకోకండి. మామునూరు తమ్ముడు రాసింది చదివిన రాత్రి ఫోన్ పక్కన పడేశాను. మర్నాడు షాపు తీయలేదు.

పోయిన వానకాలంలో ఎలుకలు లామినేషన్ మెషీన్ వైరు కొరికాయి, రెండు ఏ4 బండిళ్ళు మూలల నుంచి తురుము చేశాయి. నేనే కిరాణా దుకాణం నుంచి ప్యాకెట్ తెచ్చి పేపర్ ర్యాకు వెనక బిళ్ళలు పెట్టాను. పెట్టి మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. మొన్న ర్యాకు గోడ నుంచి జరిపితే సాలెగూడు కింద రెండు ఉన్నాయి, నీలం రంగు. ఒకదాని అంచున పళ్ళ గాట్లు. ఆరు పెట్టినట్టు గుర్తు. బెల్లం పొద్దున్నే వచ్చి పడుకునే మెషీన్‌కు ఆ ర్యాకు మూరెడు దూరం.

అమ్మకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చీపురు తెచ్చి ఇచ్చింది. బంగారు పిల్లి మాట ఎత్తుతుందనుకున్నాను, ఎత్తలేదు.

గోడౌన్ వాళ్ళ దగ్గరికి పోయాను. ఏం చెప్పాలో తెలియక, మీరు ఎలుకలకు ఏం వాడతారన్నా అని అడిగాను. తినే బియ్యం ఉన్నచోట మందు ఎవడు పెడతాడమ్మా అని లోపలికి తీసుకుపోయి చూపించాడు, బస్తాల వరుసకొకటి ఇనుప బోను. నాలుగు నెలలుగా నేను ఎందుకు మాట్లాడలేదో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పోయేటప్పుడు ఒక బోను చేతిలో పెట్టాడు. ఎండు కొబ్బరి ముక్క కాల్చి పెట్టమన్నాడు, పచ్చిదైతే రావట. ఇప్పటికి ఏడు పడ్డాయి.

మినుముకు ఎద తగ్గాక ఆపరేషన్ అయింది. కుట్లు నాకకుండా అమ్మ పాత బనియన్ కత్తిరించి తొడిగింది, నాలుగు కాళ్ళకు నాలుగు రంధ్రాలు. నాలుగు రోజులు అది పక్కకు ఒరిగి నడిచింది, గోడ ఉంటే తప్ప నిలబడలేనన్నట్టు. టీకా మొదటి డోసు అయింది. అమ్మ చెయ్యి ఎంజీఎం దవాఖానలో చూపించాం, సూదులు పూర్తవుతున్నాయి. పెరుగన్నం నిజమే తమ్ముడూ, అదే పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఉడికించిన చికెన్, కార్జం, నడుమ ప్యాకెట్ తిండి. అమ్మ మడి గిన్నెలు మాత్రం వేరు పెట్టుకుంది.

అత్తమ్మా, మెష్ నిన్న పూర్తయింది. యాంగిల్, మెష్, కూలీ అంతా కలిపి ఎనిమిదిన్నర వేలు. మధ్యాహ్నం భవంతిలో నేలంతా గళ్ళ గళ్ళ నీడ పడింది. మినుము ఒక్కో గడిలో కాలు పెట్టి చూసింది, తడి అనుకుందేమో, కాలు విదిలించింది. తర్వాత స్తంభం ఎక్కి, మెష్‌కు తల ఆనించి, బయట పెంకుల మీద కూర్చున్న కాకిని పళ్ళు టకటకలాడిస్తూ చూసింది. కాకి కూడా కదలలేదు.

రాత్రి అర్ర తలుపు తీసే ఉంచాను. రెండింటికి నాకే మెలకువ వచ్చింది, అలవాటుగా. లేచి చూస్తే భవంతి నడుమ వెన్నెట్లో వెల్లకిలా పడుకుని ఉంది. అమ్మ కూడా లేచి వచ్చి గడప మీద కూర్చుంది. "మంచు పడుతుందే, లోపలికి పిలువు" అన్నది.